తువ్వాల్లో గబ్బిలం

పొద్దున బాల్కనీలో ఆరేసిన తువ్వాలు తీస్తుంటే మడతలో చిన్న గబ్బిలం కనిపించింది. మా శంషాబాద్ చుట్టూ ఏయే గబ్బిలాలు ఉన్నాయో గుర్తుపట్టడం నెల రోజులుగా నాకు పట్టుకున్న పిచ్చి. లోపలికి పరిగెత్తి ఫోన్ తెచ్చాను. చెవులు సరిగ్గా కనబడాలని దాన్ని వట్టి చేత్తోనే పట్టుకుని, ఫొటోలు తీసి వదిలేశాను. తర్వాత శానిటైజర్ రాసుకుంటే బొటనవేలు చురుక్కుమంది. సూది మొనంత గాటు!

గబ్బిలం కరిచినా రేబిస్ రావచ్చని అప్పుడు గుర్తొచ్చింది. సబ్బుతో కడిగి కడిగి, ఆరేళ్ల మా పాపను తీసుకుని ఆటోలో సర్కారు దవాఖానకు బయలుదేరాను. దారంతా ఒకటే ప్రశ్న.

"నువ్వు ముట్టుకున్నవా?"

"లేదమ్మా."

నాకు సూది వేశాక సిస్టరమ్మ నవ్వుతూ పాపను దగ్గరికి పిలిచింది.

"బిడ్డా, గా గబ్బిలం మెత్తగున్నదా, గరుకుగున్నదా?"

"మస్తు మెత్తగున్నది. నా ఏలు నోట్ల పెట్టుకున్నది."

నేను ఫోన్ కోసం లోపలికి వెళ్లినప్పుడు ముట్టుకుందట. తిడతానని చెప్పలేదట.

"పరేషాన్ కాకమ్మా, జల్ది వచ్చిన్రు. ఇద్దరికీ అన్ని సూదులు పడాలె, ఒక్కటి గూడ తప్పొద్దు" అంది సిస్టరమ్మ, పాప వేలు కడుగుతూ.

పాప ఇప్పుడు కార్టూన్లు చూస్తోంది. సిస్టరమ్మ అలా అడగకపోయి ఉంటే?

మీ తిట్లకు భయపడి మీ పిల్లలు ఏం దాచారో మీకెప్పుడైనా తెలిసిందా?