అక్క పెళ్ళికి కడిగిన బావి

మా చిన్నప్పుడు ఎండాకాలం బావి పూడిక తీసే రోజున అందరికంటే ముందు లేచేది మా అవ్వ... బాపుకి తల్లి, ఇంటికి పెద్దదిక్కు. నీళ్ళు మోకాలి లోతుకి దిగగానే పాత చీర గుడ్డ పట్టుకొని బావి మెట్ల మీద కూర్చునేది. బురద తీయడానికి దిగినవాళ్ళు ముందు ఆ గుడ్డతో పరకల్ని పట్టి ఆమెకి అందించాలి. వేలెడంత చేపలు... ఎండకి తళతళలాడేవి. వాటిని పెరట్లోని రాతి గోలెంలో నీళ్ళు పోసి దాచేది. ఊట ఊరి బావి తేరుకున్నాక మళ్ళీ అందులోనే వదిలేది.

చేపల పులుసంటే మా ఇంటిల్లిపాదీ పడిచచ్చేవాళ్ళం... అయినా బావి పరకల జోలికి ఎవరూ పోయేవారు కాదు.

"గవి మన ఇంటి పానాలు బిడ్డా. పరకలు లేని బావి మంచిది గాదు. మా అత్త చెప్పింది, నేను చేస్తున్న" అనేది అవ్వ. అంతకు మించి కారణం ఆమెకీ తెలియదు.

మాది ఎల్లారెడ్డి దగ్గర పల్లె. నిజాంసాగర్ కట్టి అప్పటికి ఎంతో కాలం కాలేదు. అక్కకి దోమకొండ వైపు సంబంధం కుదిరింది. అక్కంటే పెద్దదేం కాదు... నాతో కూర్చొని అచ్చనగండ్లు ఆడే వయసే. పెళ్ళంటే ఎద్దుల కచ్చడం బండి ఎక్కి ఊరు దాటడమని దాని సంబరం.

ముహూర్తం మాట్లాడటానికి అక్కకి కాబోయే మామ వచ్చాడు. తులసిమాల వేసుకున్న మనిషి, నీసు ముట్టడు. కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళి బావిలోకి తొంగి చూశాడు.

"ఏంది బావా, తాగే నీళ్ళల్ల చేపలు పెంచుతున్నరా? మా దిక్కు పెద్దమనుషులు గీ నీళ్ళు ముట్టరు" అన్నాడు బాపుతో.

నవ్వుతూనే అన్నాడు. కానీ ఆడపిల్ల తండ్రి కదా... మా బాపుకి ఆ నవ్వు ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడే మోట కట్టించి బావి మొత్తం తోడించాడు. అవ్వ ఎప్పటిలాగే గోలెం నింపుకొని కూర్చుంది.

"గోలెం వద్దే అవ్వా. ఈసారి ఒక్కటి గూడ మళ్ళ ఏసేది లేదు" అన్నాడు బాపు.

"పెండ్లయినంక ఏస్తం గదరా?"

"పెండ్లయినంక వాళ్ళు రారా? ఏండ్లకేండ్లు వచ్చిపోయే సుట్టాలు. పిల్ల మాటపడాల్నా?"

పిల్ల మాటపడాల్నా అనేసరికి అవ్వ లేచి గోలెంలో నీళ్ళు పారబోసింది. మనవరాలంటే ఆమెకి పంచప్రాణాలు. పరకలన్నీ కూలీల తట్టల్లోకి పోయాయి. బావి గోడలకి సున్నం కొట్టారు. పెళ్ళినాటికి నీళ్ళు అద్దంలా తేటగా ఉన్నాయి... అందరం మెచ్చుకున్నాం. పెళ్ళివాళ్ళు కడుపారా తాగారు.

ఆషాఢంలో కొత్తకోడలు అత్తగారింట్లో ఉండకూడదు కాబట్టి అక్క మా ఇంటికి వచ్చింది. నాకైతే పండగే... మళ్ళీ అచ్చనగండ్లు, మళ్ళీ ఒకే మంచం.

వానలకి బావి నిండింది. నీళ్ళ మీద సన్నని పురుగులు లుకలుకలాడేవి. బిందెలోకి వస్తే అమ్మ గుడ్డతో వడకట్టేది. అవి దోమ పిల్లలని మాలో ఒక్కరికీ తెలియదు. పొద్దుగూకితే చాలు, దోమలు ముసురుకునేవి. వేపాకు పొగ పెడితే మాకే ఊపిరాడేది కాదు.

శ్రావణం వచ్చింది. ఒడిబియ్యం పోసి అక్కని పంపుదామని అమ్మ బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పసుపు సిద్ధం చేసింది. అంతలో అక్కకి చలిజ్వరం పట్టుకుంది. ఇంట్లో ఉన్న గొంగళ్ళన్నీ కప్పినా పళ్ళు కొట్టుకునేవి.

"సలి పెడుతుందే అవ్వా... ఇంకోటి కప్పు" అనేది.

కప్పడానికి ఇంకోటి లేదు. అవ్వే గొంగళ్ళ మీద నుంచి దాన్ని వాటేసుకొని పడుకునేది. హకీం వచ్చాడు, చేదు మందులు ఇచ్చాడు, అమ్మవారికి మొక్కులు మొక్కాం... పొలాల అమావాస్యకి ముందే అక్క పోయింది.

ఆ కుడుకల్ని ఏడాది దాకా మా ఇంట్లో ఎవరూ ముట్టలేదు.

మరుసటి ఎండాకాలం అవ్వ ఒక్కతే కాలువ దాకా నడిచివెళ్ళి, చెంబెడు పరకలు తెచ్చి బావిలో వదిలింది. కొడుకుని ఒక్క మాట అనలేదు. బాపూ అడ్డు చెప్పలేదు.

ఎన్నో ఏళ్ళకి, అవ్వ కూడా పోయాక, మలేరియావాళ్ళు ఊరికి వచ్చి బావుల్లో చిన్న చేపలు వదిలారు. నేను అప్పుడు పుట్టింట్లోనే ఉన్నాను. వాళ్ళలో ఒకతను మా బావిలోకి వంగి చూశాడు.

"మీకు అక్కర్లేదు పెద్దయ్యా, పరకలున్నయి గద. దోమ పురుగుల్ని గవే తింటయి. గవి లేకుంటే దోమలైతయి, సలిజరమొస్తది" అన్నాడు.

బాపు బావి గట్టు మీదే కూలబడ్డాడు. అమ్మ అన్నానికి పిలిచినా లేవలేదు. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే... "నీళ్ళు తేటగున్నయని మస్తు సంబరపడ్డ బిడ్డా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఒక్క మా బావి వల్లే అక్క పోయిందని నేననను. చుట్టూ కాలువలు, పొలాలు... ఆ ఏడు దోమలకి కొదవా? ఆ మాట బాపుకి ఎంతో నచ్చజెప్పాను. ఆయన మనసుకి ఎక్కలేదు.

ఇప్పుడు ఆ బావి లేదు, పూడ్చేశారు. బోరు నీళ్ళు మిషన్లో వడకట్టి తాగుతున్నాం. అందులో ఏ ప్రాణీ ఉండదు. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో అని ఎవరైనా మెచ్చుకుంటే నేను చేతిలోని గ్లాసు కింద పెట్టేస్తాను. నేను చెబుతుంటే మనవరాలు ఇదంతా ఫోన్లో రాస్తోంది... తనకి బావిలో చేపలంటేనే వింత.

మీ ఇళ్ళలోనూ పెద్దవాళ్ళు కారణం చెప్పకుండా కాపాడుకొచ్చిన ప్రాణులు ఉండే ఉంటాయి... బల్లో, కప్పో, పిచ్చుక గూడో. రాయండి, చదివించుకుంటాను. మా ఇంట్లో ఆ పిడికెడు పరకల్ని బతకనిచ్చి ఉంటే... మా అక్క కూడా నాలాగే ముసలిదయ్యేదేమో.