గుట్ట వెనక బాట

మొన్న ఆదివారం పొద్దున కర్మన్‌ఘాట్‌లో మా ఇంటి బాల్కనీలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే, మా మనవరాలు ఫోను నా ముఖం ముందు పెట్టి, వచ్చే వారం ఆఫీసు స్నేహితులతో ఎక్కబోయే గుట్ట ఇదేనని, అందరూ పోయే మెట్లదారి వదిలి జనం తక్కువుండే దారిన పోతామని సంబరంగా చెప్పింది. అట్లాంటి దారి నేనూ ఒకసారి పట్టాను, ఒక మనిషి ముఖం చూడలేక.

ఆ మనిషి మా బావగారి భార్య, నాకు తోడికోడలు. మా వైపు యారాలు అంటాం. అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్‌లో కింద మా చీరల దుకాణం, పైన రెండు గదుల్లో రెండు సంసారాలు, ఇద్దరికీ ఒకే వంటిల్లు. నేను అన్నం వార్చుతుంటే ఆమె గిన్నెలు దబదబా ఎత్తేసేది, మాట మాత్రం రెండేళ్ళుగా లేదు. కారణం చిన్నది కాదు. పెళ్ళిళ్ళ సీజనులో ఒకనాడు, పోచంపల్లి దగ్గర మా ఊళ్ళో మా నాయన మగ్గం మీదే ప్రాణం విడిచాడని మా తమ్ముడు పొద్దున్నే దుకాణానికి ఫోను చేస్తే, ఎత్తిన ఆమె, గిరాకీ తగ్గి షట్టరు దించేదాకా నాకు చెప్పలేదు. నేను ఊరు చేరేసరికి దహనం అయిపోయింది.

ఆ పగతోనే ఉండగా మా ఆడబిడ్డ కొడుకు పుట్టువెంట్రుకలకు నల్లగొండ దిక్కున్న నరసింహస్వామి గుట్టకు అందరం పోవలసి వచ్చింది. ఎల్బీనగర్‌లో ఎక్కిన వ్యానులో ఆమె ముందు సీటు, నేను వెనక సీటు, మధ్యలో చుట్టాలంతా బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. గుట్ట కింద దిగాక ఆమె ఎట్లాగూ మెట్లమీదనే పోతుందనుకొని, నేను కాస్త ఆగి, వెనక నుంచి మేకలు ఎక్కే బాట పట్టాను.

సగం దూరం ఎక్కానో లేదో, నున్నటి బండ మీద ఆమె! నన్ను తప్పించుకోవడానికి తనూ ఇదే బాట పట్టిందన్నమాట. చెప్పు తెగి, పైకీ కిందికీ పోలేక, అరచేతులు బండకు ఆనించి కూర్చుంది. దాటిపోదామనే అనుకున్నాను, పక్కనున్న లోతు చూశాక కాళ్ళు సాగలేదు. చెయ్యి చాపాను, ఆమె ముట్టుకోలేదు.

“నీ చెయ్యొద్దు, కొంగియ్యి,” అంది.

కొంగు పట్టుకొని పైకి వచ్చాక కూడా వదలకుండా, అంచు వేళ్ళతో తడిమి, ఇది మీ నాయన నేసిందే కదా అంది. ఆయన మాట నీ నోట రావొద్దన్నాను.

“నీకు చెప్పొద్దన్నది మీ బావ. నేను ఫోనెత్తి ఆయనకిచ్చిన, అంతే.”

“ఆయన వద్దంటే నీకు నోరు లేదా? పొద్దంతా నా పక్కనే కూసొని చీరెలు మడతవెడితివి.”

ఆమె కొంగు వదిలేసింది. “నీ మొగడు గూడ ఆడనే ఉండె. పొద్దుగూకినంక చెప్దామన్నది ఆయననే. చెప్తే నీ సంసారం ఏమైతదోనని ఊకున్న. ఇగ నాతోని కాదు.”

ఒకరి వెనక ఒకరం ఎక్కాం. పైన మేనమామ హోదాలో పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకొని కూర్చున్న మా ఆయన, మేమిద్దరం ఒకే బాటన రావడం చూసి, నా ముఖం చూసి, తల దించుకున్నాడు. ఇక నేను అడగవలసింది ఏమీ మిగలలేదు. చివరిదాకా ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేను మరవలేదు.

ఆమెను క్షమించానని కూడా చెప్పను. మౌనం మాత్రం పోయింది. ఉప్పు దగ్గర, నీళ్ళ దగ్గర, నోరు తెరిచి పోట్లాడుకున్నాం, దుకాణం పంచుకొని వాళ్ళు అల్మాస్‌గూడకు మారేదాకా.

ఇప్పుడు మా పిల్లల్లో ఎవరికైనా పడకపోతే వేరే కాలనీలో ఫ్లాటు తీసుకుంటారు, ఫోనులో నంబరు తీసేస్తారు, పెళ్ళిళ్ళలో ఎదురుపడితే నవ్వి తప్పుకుంటారు. రక్తపోటుకు అదే మంచిదేమో. మా కాలంలో అంత పగ పెట్టుకొని కూడా ఒకే కుండలో అన్నం తినేవాళ్ళం గనుక, ఎదుటి మనిషి కడుపులో దాచుకున్నది ఎప్పుడో ఒకప్పుడు బయటికి వచ్చేది. ఈ మధ్య ఆమెకు చెవులు సరిగ్గా వినబడడం లేదట. ఆమెతో పోట్లాడాలంటే ఇక కేకలు వేయాలి, నాకేమో అంత ఊపిరి లేదు.