కచేరీ పుట్టుక

మా తాలూకా కచేరీ దొరల కాలం నాటి కట్టడం. గోడల మందం ఎంతంటే, కిటికీ అరుగు మీద ఒక మనిషి హాయిగా పడుకోవచ్చు. పందొమ్మిది వందల అరవైల మొదట్లో అమ్మతో కలిసి దాని రికార్డు గదిలో అడుగు పెట్టాను. పైకప్పు చూద్దామని తలెత్తితే మెడ పట్టుకుపోయింది. నేల నుంచి దూలాల దాకా చెక్క అరలు, ఊరికొక అర, అరనిండా ఎర్రగుడ్డ మూటలు. తాలూకాలో పుట్టినవాళ్ళూ పోయినవాళ్ళూ అందరూ అక్కడే ఉన్నారు.

అందులో నాకు కావలసింది ఒక్క వరుస. టీచరు ట్రైనింగులో సీటొచ్చింది. చిన్నప్పుడు బళ్ళో వేసేనాడు అయ్యవారు నోటికొచ్చిన తేదీ రాసేశారు. దాని ప్రకారం నాకు వయసు చాలదు. శనివారం లోగా పుట్టిన తేదీ నకలు చూపించకపోతే సీటు ఇంకొకరికి పోతుంది, నాకు పెళ్ళి చేసేస్తారు. వరుడు అప్పటికే సిద్ధంగా ఉన్నాడు, పాపం.

"బిడ్డ ఏ ఊళ్ళో పుట్టిందమ్మా?" రికార్డు కీపరు అడిగాడు.

అమ్మ తడుముకోకుండా కూతవేటు దూరంలో ఉన్న తన పుట్టింటి ఊరు చెప్పింది. మాలో ఏ తల్లినడిగినా అదే చెబుతుంది, కాన్పంటే పుట్టింట్లోనే కదా.

"ఏ ఏడు?"

"పెద్ద గాలివాన ఏడు సార్. సముద్రం ఊళ్ళోకొచ్చినాది."

ఆయన నిచ్చెనెక్కి మూట దించాడు. ఆ ఏడాదిలో నేను లేను. ముందేడాదిలోనూ లేను, తరువాతి ఏడాదిలోనూ లేను. ఆయన మూట కట్టేస్తుంటే నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు అమ్మ తలొంచుకుని, "ఈ ఊరి పుస్తకం గూడా చూడండి సార్" అంది.

"ఈడ మీకెవరున్నారు?"

"ఎవురూ లేరు. ఆ పొద్దు నీళ్ళొస్తే అందరం పరిగెత్తి ఈ కచేరీలో పడినాం. ఆడోళ్ళు చీరలు అడ్డం పట్టినారు. ఈ మూటలకే ఆనుకుని కన్నాను."

ఆయన మళ్ళీ నిచ్చెనెక్కి ఇంకో మూట దించి విప్పాడు. దొరికిన వరుస మీద వేలు పెట్టి నాకు చూపించాడు. ఆడ శిశువు. స్థలం, తాలూకా కచేరీ. వయసు సరిపోయింది. ఊరు ఊరంతా నీళ్ళలో ఉన్న రోజున నన్ను కాపాడిన గోడలివి! చెయ్యేసి చూశాను, చల్లగా ఉన్నాయి. గోడను చూడాలో అమ్మను చూడాలో తెలియలేదు.

నకలు రాయించుకుని బయటికొచ్చాక అడిగాను. "ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"మర్యాదస్తుల ఇంటి ఆడది కచేరీ మెట్లెక్కదు. నేను ఎక్కడమే గాక కన్నాను గూడా. తెలిస్తే నిన్నెవురు చేసుకుంటారే?"

"మరి ఇప్పుడు చెప్పేశావే?"

నకలు మడత పడకుండా నా పుస్తకంలో పెడుతూ అంది.

"ఇప్పుడెవురూ చేసుకోకపోయినా నీకు సీటుండాది గదా."