రాకాసి గుడిలో మెతుకులు

ఏళ్ల తరబడి ఈ మాట నాలోనే దాచుకున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

2006లో సౌదీలో, బురైదా అవతల ఎడారిలో, గొర్రెల మందలకు నీళ్ల ట్యాంకర్ నడిపేవాణ్ణి. మాది జగిత్యాల వైపు. మందను కాసే ఓబులేసుది కడప వైపు, అతని జతగాడిది బంగ్లాదేశ్. మా గుడారానికి కాస్త దూరంలో బండలు నిలబెట్టి, పైన రాళ్లు పేర్చిన పాతకాలపు సమాధి ఉండేది. అలాంటివాటిని మా వైపు రాకాసి గుళ్లంటారు. కింద లంకెబిందెలు ఉంటాయని తవ్వుతారు. ఓబులేసు నెలకోసారి టిఫిన్ డబ్బా, పార పట్టుకుని అందులోకి దూరేవాడు. అడిగితే నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఒక్కడే దక్కించుకుందామనుకుంటున్నాడా?

తవ్వుతున్నాడని సూపర్‌వైజర్ చెవిన వేశాను. పాత రాళ్ల జోలికి పోతే పోలీసులతో తంటా అని, రెండు రోజుల్లో అతన్ని వీసా రద్దు చేసి ఎగ్జిట్ మీద ఊరికి పంపేయమన్నాడు మా యజమాని కఫీల్. వాడు వచ్చి ఏడాది కూడా కాలేదు.

ఆ సాయంత్రమే నేనూ ఆ రాళ్ల మధ్యకు దూరాను. ఎందుకు? వాడు పోతే అంతా నాదేనని. లోపల గుంత లేదు. కొట్టుకొచ్చిన ఇసుకను పారతో తీసేసి చదును చేసిన చోట, నల్లనువ్వులు కలిపిన అన్నం ముద్దలు మూడు, ఎండిపోయి ఉన్నాయి. ఓబులేసు వాళ్లమ్మ పోయి మూడు నెలలు. ఊరికి పోవడానికి సెలవివ్వలేదు. అది నాకు తెలుసు.

ఆ రెండు రోజుల్లో సూపర్‌వైజర్‌తో నిజం ఒక్క మాట చెబితే వాణ్ణి పంపేవాళ్లు కాదేమో. చెబితే నన్నూ పంపేస్తారని భయపడ్డాను. భయమేనా, లేక పొరబడ్డానని ఒకరి ముందు ఒప్పుకోవడం నామోషీ అనిపించిందా? నామీద నాకే నమ్మకం లేదు.

బట్టలు సర్దుకుంటూ ఓబులేసు అడిగాడు.

"నామీద ఎవురు చెప్పింటారన్నా?"

"ఏమో తమ్మీ. గా బంగ్లాదేశాయన మీదనే నాకు డౌటు."

"ఆయప్పా? నా పక్కనే పండుకుంటాండె కదన్నా." చొక్కా మడిచి సంచిలో పెట్టాడు. "మాయమ్మకు నెలనెలా పిండం పెట్టుకుంటాంటి. ఎవురో పెద్దోళ్లను పూడ్చిన చోటు కదాని ఆడికి పోతాంటి. వచ్చే నెల నువ్వొగ పిడికెడు మెతుకులు పెడతావా అన్నా?"

పెడతానన్నాను.

వెళ్లే రోజు పొద్దున ఆ బంగ్లాదేశ్ మనిషి చెయ్యి చాపితే ఓబులేసు అందుకోలేదు. నా చెయ్యి మాత్రం రెండు చేతులతో పట్టుకున్నాడు.

మెతుకులు పెట్టలేదు. అక్కడున్నన్నాళ్లూ ఆ రాళ్లు కంటపడకుండా ట్యాంకర్‌ను చుట్టు దారిలోనే తిప్పాను.

క్షమించమని రాయడం లేదు. అది మీ చేతుల్లో లేదు. ఓబులేసు మీద చెప్పింది నేనే. ఇది రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది, అంతే.