పెద్దమ్మ పేరు మీద కట్టిన ఇల్లు

మా పెద్దమ్మకు సొంత ఇల్లుందన్న సంగతి గ్రామ సచివాలయంలో తెలిసింది. పక్కా ఇంటికి దరఖాస్తు పెట్టడానికి ఆధార్ కార్డూ రేషన్ కార్డూ పట్టుకుని వెళ్లింది. తోడు నేను వెళ్లాను. కంప్యూటర్ ముందున్న ఉద్యోగి నంబరు కొట్టి చూసి, "నీకు ఇదివరకే ఇల్లు మంజూరైంది కదమ్మా. కట్టడం కూడా అయిపోయింది. ఇంక రాదు," అన్నాడు.

పెద్దమ్మ కోప్పడలేదు. "ఎక్కడున్నాదో సెప్పు బాబూ. ఎల్లి అందులోనే ఉంటాను," అంది.

అతను తెర మీదున్నది ఇంకోసారి చదివి, తనకు అంతకుమించి కనపడదన్నాడు.

టెక్కలి నుంచి తీరానికి వచ్చే రోడ్డు ఆగిపోయే చోట మా ఊరు. పెద్దమ్మ మా అమ్మకు అక్క. పెదనాన్న గుజరాత్ బోట్ల మీద వేటకు వెళ్లి అక్కడే జబ్బు చేసి పోయాడు. పిల్లల్లేరు. చేపల గంప ఆటోలో వేసుకుని ఉద్దానం ఊళ్లు తిరిగి అమ్ముకునేది. పెద్ద తుఫానుకు ఆమె తాటాకిల్లు కప్పు మొత్తం లేచిపోయి మట్టిగోడలు మాత్రం మిగిలాయి. మూడో రోజున నాయకులొచ్చారు. విరిగిపడ్డ కొబ్బరిచెట్ల మధ్య ఒకాయన పెద్దమ్మ చెయ్యి పట్టుకుని, "ఈసారి తాటాకు కాదమ్మా, స్లాబే," అన్నాడు. తరువాతి ఎన్నికలకు అవతలి పార్టీవాళ్లొచ్చి అదే మాట చెప్పారు. ఆ రెండు మాటల నడుమ పెద్దమ్మ ఆ గోడల లోపలే నాలుగు సరుగుడు కర్రలు పాతి, వాటి మీద నీలం టార్పాలిన్ కట్టుకుని కాపురం చేసింది.

సచివాలయానికి వెళ్లేనాటికి నేను పలాసలో డిగ్రీ చదువుతున్నాను. ఊళ్లో ఎవరికి అర్జీ కావాలన్నా నా దగ్గరికే వచ్చేవారు. ఆ పని నాకిష్టంగా ఉండేది. "తమరికి విన్నవించుకొనునది ఏమనగా" అని మొదలుపెట్టేసరికి నేనూ ఆ ఆఫీసుల మనిషినే అయిపోయినట్టు ఉండేది. పెద్దమ్మ చెప్పింది రెండే మాటలు: ఆ ఇల్లు నాది కాదని రాయి, నాకో ఇల్లు ఇమ్మని రాయి. నేను నా సొంతంగా ఇంకో వాక్యం చేర్చాను. "నా పేరుతో అక్రమంగా ఇల్లు పొందిన వారిపై కఠిన చర్యలు తీసుకొనవలసినదిగా ప్రార్థన." చదివి వినిపిస్తే పెద్దమ్మకు ఆ భాష సగమే అర్థమైంది. "బాగా రాసినావే గుంటా," అని వేలిముద్ర వేసింది.

సోమవారాలు టెక్కలిలో అర్జీలు తీసుకుంటారు. మూడు సోమవారాలు వెళ్లాం. వెళ్లిన ప్రతిసారీ నాలుగైదు రోజులకు నా ఫోనుకు ఒక మెసేజ్ వచ్చేది, మీ సమస్య పరిష్కరించబడినది అని. నాలుగోసారి వెళ్లినప్పుడు పెద్దమ్మ అధికారి బల్ల ముందునుంచి కదల్లేదు.

"పరిష్కారం అయిపోనాదని ఫోన్లో వొస్తన్నాది బాబూ. అది ఎక్కడున్నాదో ఓపాలి సూపించండి."

వెనక లైన్లో ఉన్నవాళ్లు నవ్వారు. అధికారి నవ్వలేదు. ఎవరికో ఫోన్ చేశాడు.

ఆ వారమే ఇళ్ల పనులు చూసే కుర్ర ఇంజినీరు మా ఊరొచ్చాడు. పూర్తయిన ఇంటికి ఫొటో తీసినప్పుడు ఆ చోటు ఎక్కడో కూడా రికార్డులో పడుతుందట. అది ఫోన్లో పెట్టుకుని ముందు అతను, వెనక పెద్దమ్మ, ఆ వెనక నేను బయల్దేరాం. తెప్పలు లాగే చోటు దాటాం. వలలు ఆరేసిన దిబ్బ దాటాం. సరుగుడు తోట పక్కన కొత్తగా లేచిన వీధిలో మూడో ఇంటి ముందు అతను ఆగిపోయాడు.

"ఇదేనమ్మా."

ఆ ఇంట్లో ఎవరుంటారో మా ఇద్దరికీ తెలుసు. పెద్దమ్మతో పాటు ఒకే ఆటోలో చేపల గంప వేసుకుని వెళ్లే ఆమె. బయట మంచం మీద ఆమె భర్త కళ్లు మూసుకుని పడుకుని ఉన్నాడు. ముందురోజే పలాసలో డయాలసిస్ చేయించుకుని వచ్చాడు.

ఆమె చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఇంజినీరు సంగతి చెబుతుంటే ఆమె మంచం పక్కకు వెళ్లి నిలబడింది.

"నాకేటి తెల్సును అప్పా," అంది పెద్దమ్మతో. "లిస్టులో నా పేరు రానేదన్నాడు. ఏదో పేరు మీద పెట్టీసినాను, నువ్వు కట్టీసుకో అన్నాడు. అది నీ పేరని నాకు సెప్పనేదు."

ఆ అన్నవాడెవడో ఆమె పేరు పెట్టి చెప్పక్కర్లేదు. అప్పట్లో పార్టీ తరఫున ఊళ్లో ఇళ్ల లిస్టులు రాసినవాడు ఒకడే. ప్రభుత్వం మారాక పార్టీ మారి, మళ్లీ లిస్టులు రాస్తున్నదీ అతనే.

పెద్దమ్మ లోపలికెళ్లింది. గోడ మీద అరచెయ్యి ఆనించింది. తలెత్తి స్లాబు చూసింది. "వానకి కారతాదేటి?" అని అడిగింది.

"కారదు అప్పా."

"మంచిదే," అని బయటికొచ్చేసింది.

దారిలో నాతో అంది: "ఆయమ్మ ఇంటి జోలికెల్లొద్దని రాయి. నా పేరొకటీ తీసీమని రాయి."

సరేనని రాశాను. కానీ నా వాక్యం ఉన్న నాలుగు అర్జీలు అప్పటికే ఆఫీసులో ఉన్నాయి.

నెల తిరక్కుండా ఆ ఇంటి తలుపుకు నోటీసు అంటించారు. ఊళ్లో చదివిపెట్టేదాన్ని నేనే కాబట్టి ఆమె దాన్ని జాగ్రత్తగా ఊడదీసి నా దగ్గరికే తెచ్చింది. "అక్రమంగా ఇల్లు పొందిన" అన్న చోట చదవడం ఆపాను. నా మాటల్ని అచ్చు గుద్దినట్టు దించారు. లిస్టు రాసినవాడి గురించి అందులో ఒక్క ముక్క లేదు.

"అంటే ఏటమ్మా?" అని అడిగింది.

"ఖాళీ చెయ్యమంటున్నారు."

"మంచం మీదున్న మనిసిని ఎక్కడికి మోసుకెల్లాల?"

కాగితం మడిచి ఇచ్చాను. ఆ వాక్యం నాదని చెప్పలేదు.

పెద్దమ్మకు మాత్రం చెప్పాను. ఇసుకలో ఎండుచేపలు తిరగేస్తోంది. తలెత్తకుండానే అడిగింది.

"నానడగని మాట ఎందుకు రాసినావు?"

నేనూ వంగి ఒక చేప తిరగేశాను.

"ఆ లిస్టు రాసినోడి పేరు రాసినావా?"

"లేదు."

"ఏం?"

"భయమేసింది పెద్దమ్మా."

ఆమె మళ్లీ చేపలు తిరగెయ్యడంలో పడింది.

సోమవారం మళ్లీ టెక్కలి వెళ్లాం. అక్కడి ఉద్యోగి ఓపిగ్గానే విడమరిచి చెప్పాడు. ఫిర్యాదు నడిస్తే ఆ ఇల్లు ఖాళీ చేయిస్తారు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే ఆ ఇల్లు పెద్దమ్మదేనని ఒప్పుకున్నట్టు, ఇక జన్మలో ఇంకో ఇల్లు రాదు. ఆ రెండూ తప్ప మూడో దారి లేదు.

"మరి ఆ లిస్టు రాసినోడిని అడగరా?" అంది పెద్దమ్మ.

"అది వేరే విచారణమ్మా."

ఆమె రాయమన్నట్టు నా వైపు చూసింది. వెనక్కి తీసుకుంటున్నట్టు మూడు లైన్లు రాశాను. వేలిముద్ర వేసి, బొటనవేలు చీర కొంగుకు తుడుచుకుంది.

ఆ ఇంటి మీదకి మళ్లీ ఎవరూ రాలేదు. అయితే ఆ ఇంటామె, పెద్దమ్మ ఎక్కే ఆటో ఎక్కడం మానేసింది. తన మీద ఫిర్యాదు పెట్టింది పెద్దమ్మేనని ఎవరో చెప్పారు. అది అబద్ధమూ కాదు. ఆ చలికాలం ఆమె భర్త పోయాడు. పెద్దమ్మ వెళ్లి, గుమ్మం దాకా పోకుండా వీధిలోనే నిలబడి, తిరిగొచ్చేసింది. ఆ వాక్యం నాదేనన్న నిజం నేనైనా వెళ్లి ఆమెకు చెప్పాల్సింది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉండగానే పెద్దమ్మ ఊరొదిలే రోజొచ్చింది.

మరుసటి వానల్లో పెద్దమ్మ ఇంటి పడమటి మట్టిగోడ కూలింది. పెద్దమ్మ గిన్నెలు మూట కట్టుకుని పలాస వెళ్లిపోయింది. కాశీబుగ్గలో ఒక గది అద్దెకు తీసుకుని జీడిపిక్కలు కొట్టే పనిలో చేరింది. పిక్కల సొనకు వేళ్ల చర్మం పొరలు పొరలుగా లేచిపోతుంది. బూడిద రాసుకుంటుంది.

నేనిప్పుడు టెక్కలిలో ఒక స్కూల్లో గుమాస్తాగా ఉన్నాను. ఆ వేరే విచారణ ఏమైందని సమాచార హక్కు కింద అడిగాను. పరిశీలనలో ఉందని ఒక లైను జవాబొచ్చింది. అప్పీలు పెట్టాను. ఈసారి లిస్టు రాసినవాడి పేరు, వాళ్ల నాన్న పేరు, ఇంటి నంబరుతో సహా రాశాను. ఇంకా ఏ కబురూ లేదు.

మొన్న పలాస వెళ్లినప్పుడు ఆ మాట పెద్దమ్మకు చెప్పాను. ఎసట్లో బియ్యం వేస్తోంది.

"ఇప్పుడు రాసినావా," అంది.

నాకూ కలిపి ఇంకో గుప్పెడు బియ్యం కడిగి ఎసట్లో పోసింది.