అడవిలో నా రెండో పేరు

దయ్యాలంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. పక్కింటి వాళ్ళు దిష్టి తీయించుకుంటుంటే నవ్వేదాన్ని. ఆ ఏడాది మాత్రం దేవుడి మీద నమ్మకం కూడా సన్నగిల్లింది.

కారణం ఉంది. అంతకు ముందు వానాకాలంలో మా చిన్నోడు జ్వరంతో పోయాడు. చర్చి మొత్తం మోకాళ్ళ మీద ఉండి ప్రార్థన చేసింది. నేనూ గొంతు పోయేదాకా ఏడ్చాను. ఏం లాభం? ఆ తర్వాత ఆదివారం వస్తే మా ఆయన బైబిలు పట్టుకుని పోయేవాడు, నేను బట్టలు ఉతుక్కునేదాన్ని.

మళ్ళీ వానలొచ్చాయి. ఈసారి పాపకు జ్వరం. ఆయన సారపాక కాగితం మిల్లులో డ్యూటీలో ఉన్నాడు. మా ఊరికి అప్పటికింకా సెల్ సిగ్నల్ రాలేదు. రోడ్డు మీదికి వాగు నీళ్ళొచ్చి బస్సు బంద్. పాప ఒళ్ళు కాలిపోతోంది, పిలిస్తే కళ్ళు తెరవడం లేదు. దాన్ని వీపుకు కట్టుకుని మధ్యాహ్నం పూట అడవి బాటన పెద్ద రోడ్డుకు బయలుదేరాను.

అత్తమ్మ మోకాళ్ళ నొప్పులతో గడప దాటలేకపోయింది. అక్కడి నుంచే చెప్పింది: “బిడ్డా, అడివిల ఎవలన్న పేరు వెట్టి పిలిస్తే పలుకకు.”

ఇది మా వైపు పాత కట్టుబాటు. బీడీల తునికాకు కోతకు పోయినా, కట్టెలకు పోయినా ఒకరినొకరు ‘ఓ’ అని కేకేసుకుంటారు తప్ప పేరు పెట్టరు. అడవిలో పేరు పెట్టి పిలిచేది మనిషి కాదంటారు. బాప్తిస్మం తీసుకున్నా మేము ఈ ఒక్కటీ వదల్లేదు.

బాట రెండుగా చీలే చోట నాకు అలవాటైన ఎడమ దారి పట్టాను. అప్పుడు కుడి వైపు నుంచి ఎవరో పిలిచారు.

“రూతూ!”

నా కాళ్ళు ఆగిపోయాయి. నన్నందరూ రమ అనే పిలుస్తారు. రూతు అనేది గోదావరిలో నాకు బాప్తిస్మం ఇచ్చిన రోజు పాస్టరుగారు పెట్టిన పేరు. ఆయన చనిపోయి చాలా కాలమైంది. ఆ పేరు తెలిసిన అత్తమ్మ ఇంట్లో ఉంది, మా ఆయన మిల్లులో ఉన్నాడు. వాళ్ళు కూడా ఎన్నడూ అలా పిలవలేదు.

మళ్ళీ అదే పిలుపు. గొంతు ఆడో మగో చెప్పలేను. కేక కాదు, పక్క గదిలోంచి పిలిచినట్టు మామూలుగా ఉంది.

పలకొద్దని అత్తమ్మ మాట. దేవుడు కాపరిలా తన గొర్రెలను పేరు పెట్టే పిలుస్తాడని పాస్టరుగారి మాట. వీపు మీద పిల్ల మూలుగుతోంది. ఏది నమ్మాలి? నమ్మకం కలిగి కాదు, కోపం పట్టలేక పలికాను.

“నువ్వేనా? గప్పుడు నా కొడుకు పోతుంటే యాడున్నవ్?” అని అరిచాను.

ఏడుస్తూనే కుడి దారి పట్టాను.

ఆ దారి పెద్ద రోడ్డులో కలిసింది. మిల్లుకు వెదురు తీసుకుపోయే లారీ ఒకటి పంక్చరై ఆగి ఉంది. డ్రైవరు అప్పుడే టైరు మార్చాడు. పిలిచింది నువ్వేనా అని అడిగాను.

“నేను ఎవల్ని పిలువలేదమ్మా. జల్దీ ఎక్కు,” అన్నాడు.

భద్రాచలం దవాఖానాలో దించాడు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు డాక్టరు. ఎడమ దారిలో వాగు మనిషి మునిగేంత పొంగిందని తర్వాత తెలిసింది.

భయానికి చెవులు మోగాయిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అలాగే సరిపెట్టుకునేదాన్ని కూడా. కానీ జ్వరం దిగిన రోజు పొద్దున పాప పాలల్లో బ్రెడ్డు ముంచుకుని తింటూ అడిగింది.

“అమ్మా, రూతంటే ఎవలే?”

ఆ పేరు దానికి ఎవరూ చెప్పలేదు.

“నేనే బిడ్డా.”

“మరి నిన్ను పిలిసిందెవలు?”

ఇప్పటికీ నాకు తెలియదు. చిన్నోడు పోయేటప్పుడు ఎందుకు పిలవలేదో అంతకన్నా తెలియదు. ఆ మాట అడగడానికే ఆదివారం ఆదివారం చర్చికి పోతున్నాను. వెనక వరుసలో కూర్చుని దేవుడితో కొట్లాడుతూనే ఉంటాను. కొత్తవాళ్ళెవరైనా పేరు అడిగితే మాత్రం రూతు అని చెప్తున్నాను.