సగంలో ఆగిన వాంగ్మూలం

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను హైదరాబాదు దగ్గరి గడ్డపోతారంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. ఒక ఉదయం ప్యాకింగ్ పనివాడు మల్లేశం మెడలోని తువ్వాలు మోటారు బెల్టులో చిక్కుకుని మెడకు బిగిసింది. మోటారు ఆపి, తువ్వాలు కోసి విడిపించాం. రక్తం రాలేదు, మెడ మీద ఎర్రని చార మాత్రం మిగిలింది.

ప్రమాదం ఎలా జరిగిందో గాయపడినవాడి నోటి మాటగానే రిజిస్టరులో రాయాలని నా పట్టుదల. అంబులెన్సు వచ్చేలోగా పెన్ను తీశాను.

"ఎట్లయింది మల్లేశం?"

"సార్, బెల్టు కాడ వంగిన..." గొంతు గరగరలాడింది.

"జెర గట్టిగ చెప్పు."

చెబుతున్నకొద్దీ అతని మెడ ఉబ్బింది. తర్వాత చెంపలు, కనురెప్పలు. పక్కనున్న ప్యాకింగ్ కూలీ యాదమ్మ అతని మెడ తాకి కేకవేసింది.

"తోలు కింద పేలాలు చిట్లినట్టున్నయి! ఇగ ఆపుండ్రి సార్, మీ రాత పాడుగాను! మనిషి పోతడు!"

హైదరాబాదు ఆస్పత్రిలో డాక్టరు శ్వాసనాళం చీలిందన్నారు. "మాట్లాడినప్పుడల్లా గాలి చర్మం కిందికి పోయింది. ఎవరు మాట్లాడించారు?"

"నేనే" అన్నాను.

మెడ కోయకుండానే, నోటి గుండా కెమెరా గొట్టం దించి, చీలికను లోపలి నుంచి మూసి ఉంచే స్టెంటు గొట్టం అమర్చారు. కొన్ని వారాలు మాట్లాడవద్దన్నారు.

స్టెంటు తీసేశాక మల్లేశం నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"సార్, ఆ దినం సగంల ఆగింది గద. రాసుకోండ్రి, చెప్త."

"కూసో. రాసుడేం లేదు, మెల్లగ చెప్పు" అన్నాను.

రిజిస్టరులోనే కాదు, ఏళ్ల తరబడి రాస్తున్న నా డైరీలోనూ ఆ పూట అతను చెప్పిందేదీ లేదు. చెప్పినంతసేపూ మళ్లీ ఉబ్బుతుందేమోనని అతని మెడనే చూస్తూ కూర్చున్నాను.